హోటలు రుచి, ఇంటి పళ్లెము

ధ్యానమునకు: లూకా 14:12-14, గలతీయులకు 2:11-14



హైదరాబాదునకు తూర్పున, ఉప్పల్ నాచారముల ప్రాంతములోని జవహర్‌నగర్‌లో మా బంధువుల యిల్లు కలదు. వారు మన పల్లెలనుండి పని వెదకుకొనుచు వెళ్లి, నాచారపు కార్ఖానాలలో కుదిరి, అక్కడనే స్థిరపడినవారు. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట ఆ యింట నాకు దోసెలు వడ్డించిరి. “హోటలు దోసెకు ఏమైన తీసిపోయినదా, మామయ్యా?” అని యింటి కోడలు నవ్వుచు అడిగెను.

నిజముగా తీసిపోలేదు. మూడు పాళ్లు బియ్యము, ఒక పాలు మినపపప్పు, చిటికెడు మెంతులు నానబెట్టి, గుప్పెడు అటుకులు చేర్చి మెత్తగా రుబ్బి, రాత్రియంతయు పులియనిచ్చినదట. దళసరి ఇనుప పెనమును బాగుగా కాల్చి, నీళ్లు చిలకరించి తుడిచి, అప్పుడు పిండి పోసెను. హోటలువారి మర్మము ఇంతకంటె ఎక్కువ లేదు. పిండిని పులియజేయునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. అందరు నిద్రించు వేళ అవి పనిచేసి పిండిని పొంగించును. ఒక స్త్రీ పిండిలో దాచిపెట్టిన పులిసిన పిండితో ప్రభువు పరలోకరాజ్యమును పోల్చిన సంగతి (మత్తయి 13:33) నాకు జ్ఞాపకము వచ్చెను.

అంతలో ఆ యింట పాత్రలు తోము స్త్రీ వచ్చెను. ఆమెకును వేడి దోసె పెట్టిరి. ఆ మంచితనమును మరుగుచేయను. అయితే కిటికీ గట్టుమీద వేరుగా బోర్లించియున్న పళ్లెమును, గ్లాసును తెచ్చి వాటిలో పెట్టిరి. ఆమె గుమ్మము ప్రక్కన నేలమీద కూర్చుండి తినెను. తన పళ్లెము తానే కడిగి, మరల అచ్చటనే బోర్లించెను. ఇల్లంతటి పాత్రలు తోము చేతులే అవి! ఎవరును ఆమెను కఠినమైన మాట అనలేదు. నేనును నోరు మెదపలేదు. నా పళ్లెములో దోసె చల్లారిపోవునని నాకు తొందర.

ఆ గ్లాసును నేను ఎరుగుదును. చిన్నతనమున మా ఊరి టీ హోటలు బయట మా నాయన చూరులో చెక్కియున్న గ్లాసును తానే తీసి, తానే కడిగి, నిలువబడి త్రాగుట చూచితిని. అది రెండు గ్లాసుల పద్ధతి. మన పల్లెలలోని పెద్దలనేకులకు అది కథ కాదు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమువలన అంటరానితనమును రద్దుచేసెను. 1955లో చేయబడిన చట్టము ప్రకారము, హోటలులో అందరికొరకు ఉంచిన పాత్రలను ఒకరు వాడకుండ అంటరానితనము పేరిట అడ్డగించుట నేరము. ఆ చట్టమునే 1976 నుండి పౌరహక్కుల పరిరక్షణ చట్టమనుచున్నాము.

ఈ దోషము మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. మన టిఫిను బండివంటిది అమెరికాలోను ఉండెను. 1872లో ప్రావిడెన్సు పట్టణమందు వాల్టరు స్కాటు అనునతడు గుఱ్ఱపు బండిలో రాత్రివేళ పనివారికి ఆహారము అమ్మెను. అట్టి బండ్లనుండియే డైనరులనబడు చిన్న హోటళ్లు పుట్టినవి. పనివాని ఆకలి తీర్చు అట్టి బల్లలయొద్దనే అనేక స్థలములలో నల్లవారికి చోటు లేకపోయెను. 1960 ఫిబ్రవరి 1వ తేదీన గ్రీన్స్‌బరో పట్టణములో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక దుకాణములోని ఫలహారపు బల్లయొద్ద కూర్చుండి కాఫీ అడిగిరి. ఇయ్యలేదు. దుకాణము మూయువరకు వారు లేవలేదు. మరునాడు మరికొందరు వచ్చిరి. ఆ యేటి జూలైలో ఆ బల్ల నల్లవారికిని తెరువబడెను.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. హోటలు రుచిని ఇంటికి తెచ్చుకొనుట మంచిదే. ఖర్చు తగ్గును, శుభ్రముగా నుండును, పిల్లలు సంతోషింతురు. కాని ఎంతో పోరాటము జరిగి హోటలు బల్ల అందరిదైన తరువాత, రుచిని మాత్రము ఇంటికి తెచ్చుకొని ఆ బల్లను అక్కడనే విడిచి వచ్చుచున్నామా?

“ఇల్లు హోటలు కాదు గదా! ఎవరితో కూర్చుండి తినవలెనో మా యిష్టము; వేరు గ్లాసు శుభ్రతకొరకే” అని కొందరందురు. ఇల్లు హోటలు కాదనుట నిజమే. చట్టపు చేయి మన వంటగది గిన్నెలదాక చాలదు. అందుచేతనే మన మనస్సాక్షికి అక్కడ పని యెక్కువ. శుభ్రతయే కారణమైనయెడల, నాచేత తోమబడని గ్లాసులో నాకు టీ యిచ్చినప్పుడు ఆ జాగ్రత్త ఏమాయెను? కడిగిన గ్లాసు ఎవరు త్రాగినను కడిగిన గ్లాసే.

అంతియొకయలో పేతురు మొదట అన్యజనులతో కూర్చుండి భుజించెను. తనవారు కొందరు రాగానే భయపడి వెనుకతీసెను. పౌలు అందరి యెదుట అతనిని గద్దించెను. పేతురు ఎవరిని తిట్టలేదు, కొట్టలేదు. పంక్తినుండి లేచిపోయెను, అంతే. అదియే సువార్త సత్యమునుండి తొలగుటయని పౌలు ఎంచెను. మనలోను ప్రభువు బల్లయొద్ద కలిసి పాలుపొంది, మరునాడు ఒకరి యింట ఒకరు తినుటకు వెనుదీయువారు లేరా? దెబ్బ తిన్న చేయియే ఆ గ్లాసును వేరుగా బోర్లించుట మరింత దుఃఖకరము.

మరుసటి వారము ఆ కోడలితో ఫోనులో ఈ సంగతి చెప్పితిని. మా నాయన గ్లాసు సంగతియు చెప్పితిని. కొంతసేపు ఆమె పలుకలేదు. తరువాత, “మేము ఈ యింటికి వచ్చిననాటినుండి అట్లే జరుగుచున్నది, మామయ్యా, ఎన్నడు ఆలోచింపలేదు” అనెను. నేనును ఆ దినమున ఆలోచించియు పలుకలేదు గనుక, ఆమెకంటె నాదే పెద్ద తప్పని ఒప్పుకొంటిని.

ఈ నెలలో మీ యింట పిండి రుబ్బిన దినమున, కిటికీ గట్టుమీది గ్లాసును తక్కిన గ్లాసులలో కలిపివేయుడి. పాత్రలు తోము అక్కను, పొలము పనికి వచ్చిన అన్నను ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడి. పెనము దగ్గర నిలువబడి అందరికిని పోసి, కడపట చల్లారిన దోసె తిను తల్లినో భార్యనో కూర్చుండబెట్టి, ఒక వేడి దోసె మీరే పోసి పెట్టుడి. అది కొంచెము వంకరగా వచ్చినను ఫరవాలేదు.