అడగని చెట్టు

అడగందే అమ్మయినా పెట్టదని మనవాళ్ళు ఎందుకన్నారో గాని, వైశాఖం వచ్చిందంటే మా ఒంటిమిట్ట పెరట్లో నాకా సామెత మీద కోపం వస్తుంది.

కొళాయి రోజు మార్చి రోజు. ఇంటి వాడకం పోగా మొక్కలకు మిగిలేది నాలుగు బిందెలు. మందారం ఉంది చూశారూ, మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆకులన్నీ వేలాడేసి ప్రాణం పోతున్నట్టు నిలబడుతుంది. చెంబెడు నీళ్ళు పోయకుండా ఉండలేం. నిజానికి అందులో సగం ఎండ బడలికే. పొద్దు వాలితే తనే తేరుకుంటుంది. తెల్లవారాక కూడా వాలిపోయే ఉంటే అప్పుడది దాహం. నిమ్మచెట్టు అలా కాదు. ఆకు కాస్త ముడుచుకుంటుంది, అంతే. ఒకరోజు చూస్తే గోళీలంత పిందెలు పాదులో రాలి ఉంటాయి. ఇక మల్లెకంటారా, పూలిచ్చేదానికి నీళ్ళు పోయమని ఎవరూ చెప్పక్కర్లేదు!

అందుకే ఈ నెలలో నా మొదటి పని పొద్దున్నే పాదులో వేలు గుచ్చి చూడటం. లోపల తడి తగిలితే ఆ పూటకు నీళ్ళు లేవు. కుండీలు గోడనీడకు జరపడం, పాదుల మీద శెనక్కాయల పొట్టు పరవడం, నిమ్మ పక్కన పాత మట్టికుండ పీకలదాకా పాతిపెట్టి నింపడం సాయంత్రం పనులు. కొత్త మొక్కలు నాటే ముచ్చట తొలకరి దాకా కట్టిపెట్టాలి.

"నోరున్నవాళ్ళకు పెట్టడం పాపమా?" అంటారు మా అత్తగారు. పాపం కాదు. నీళ్ళు దండిగా ఉంటే అసలు ప్రశ్నే లేదు. నాలుగు బిందెలే ఉన్నప్పుడు గదా, మందారానికి పోసిన చెంబు ఎవరి వాటాలోదో తేలేది! ఇళ్ళల్లో చూడండి. అందరి భోజనాలయ్యాక గిన్నె అడుగు గీక్కుని తినే కోడలికి కూర మిగిలిందా అని ఎవరడుగుతారు? "నోరు తెరిచి అడగొచ్చు గదా" అంటాం. అలాగని అడిగినవాళ్ళంతా నటిస్తున్నారనుకోవడమూ అన్యాయమే. మందారానికీ ఒక్కో తెల్లవారి నిజంగానే దాహమవుతుంది.

వావిలికొలను సుబ్బారావుగారు (1863-1936) మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితులుగా చేసిన మనిషి. అంతటివారు టెంకాయ చిప్ప చేతబట్టి, మా కోదండరాముడి గుడి బాగు కోసం బిచ్చమెత్తారు. తన కోసమైతే అడిగేవారా అని నా సందేహం. దేవుడు నోరు విప్పి అడగడు గనుక ఆయన అడిగారు. మరి నిమ్మచెట్టు తరఫున ఎవరడగాలి? పోసే చేయి నాదే, అడిగే నోరూ నాదే కావాలి గాబోలు.

నిన్న పక్కింటమ్మాయి "అక్కా, ఒక బిందె సర్దుతారా" అంటూ వచ్చింది. ఇచ్చాను, మనిషి దాహం ముందు మొక్క ఆగాలి. వీధి చివరి ముసలమ్మ మాత్రం ఎప్పుడూ రాదు. ఆమె కొళాయిలో నీళ్ళొస్తున్నాయో లేదో ఈ సాయంత్రం వెళ్ళి చూడాలి.