దాటుట వేరు, చెరపుట వేరు

గడచిన దానిలో మనకు నచ్చని భాగమును తీసివేయు అధికారము మనకు కలదా? ఈ ప్రశ్న నాకు శాస్త్రగ్రంథము నుండి రాలేదు. మా యింటి పాత పెండ్లి ఫిల్ము నుండి వచ్చినది.

1979లో మా చెల్లెలి వివాహమునకు, అమెరికాలో ఉద్యోగము చేయుచుండిన మా మేనమామగారు సూపర్ ఎయిట్ కెమెరాతో వచ్చిరి. వారు తీసిన నాలుగు రీళ్లు చిరకాలము బీరువాలో పడియుండెను. ఇటీవల మా మేనల్లుడు వానిని డిజిటల్ రూపమునకు మార్పించెను. ఒక్కొక్క రీలు 50 అడుగులు. సెకండుకు 18 ఫ్రేముల చొప్పున నడిచినచో 3 నిమిషముల 20 సెకండ్లు మాత్రమే. ఆ చిన్న చుట్టలో 3,600 బొమ్మలు ఇమిడియుండును. నాడు ఫిల్మును కత్తిరించినచో తెగిన తునుకయైనను చేతిలో మిగిలెడిది. నేడు వ్రేలి తాకిడితో మాయమగును, ఆనవాలైనను నిలువదు.

అనవసరమైన ఫ్రేములు ఏవో చెప్పుమని మేనల్లుడు నన్ను అడిగెను. వెలుతురు సోకి తెల్లబడిన రీళ్ల మొదళ్లు, చివరలు. కెమెరాను ఆపుట మరచినప్పుడు పడిన చాప బొమ్మలు. వీనిని తీసివేయుటలో దోషము లేదంటిని. అది బియ్యములో రాళ్లు ఏరుట వంటిది.

పిమ్మట అతడు, "మామయ్యా! తలంబ్రాల సమయమున ఎవరో పెద్దామె తలుపు ప్రక్కనుండి తొంగిచూచినది. ఎవరిదో చేయి అడ్డము వచ్చినది. రెండు సెకండ్లే. తీసివేయమందురా?" అనెను.

చూచితిని. ఆమె మా మేనత్త. చిన్నతనముననే భర్తను కోల్పోయి మా యింట చేరినది. మా తల్లి వ్యాధిగ్రస్తురాలై యుండగా ఆ పెండ్లికూతురిని పెంచినది ఆమెయే. వితంతువు శుభకార్యమున ఎదుట పడరాదని ఆమెను లోపలి గదిలో ఉంచిరి. మనసాగక ద్వారము వరకు వచ్చినది. ఆ అడ్డువచ్చిన చేయి నాది. లోపలికి పొమ్మని సైగ చేసితిని. ఆమె కొంగు సవరించుకొని వెనుకకు తగ్గెను. అప్పటికి నాకు 20 ఏండ్లు. ధర్మము చదువుకొన్నవాడనన్న గర్వము. ఆమె గతించి చాలకాలమైనది. ఆ 36 ఫ్రేములు తప్ప ఆమెకు వేరొక చిత్తరువు లేదు.

అయినను "తీసివేయుము" అను మాట నా పెదవుల వరకు వచ్చెను. ఆ రాత్రి, ఎన్నియో ఏండ్లు పాఠము చెప్పిన భవభూతి ఉత్తరరామచరితము స్మృతికి వచ్చెను. ప్రథమాంకమున శ్రీరాముడు సీతాలక్ష్మణులతో తమ చరిత్రమును చిత్రించిన బొమ్మలను చూచును. లక్ష్మణుడు మంథరను చూపగా రాముడు బదులు పలుకక, వెంటనే శృంగిబేరపురమందలి ఇంగుదీవృక్షమును సీతకు చూపును. అన్నగారు కైకేయి వృత్తాంతమును దాటవేసిరని లక్ష్మణుడు గ్రహించును. కాని ఆ బొమ్మను చెరపుమని రాముడు ఆజ్ఞాపింపలేదు. అంతకుముందే అగ్నిశుద్ధి ప్రస్తావన వచ్చినప్పుడు ఆయన దాటవేయలేదు; నొచ్చుకొని, సీతను ప్రసన్నురాలవు కమ్మని వేడుకొనెను. తనకు కీడు చేసిన వారి తప్పును దాటెను. తన వలన కలిగిన బాధ ఎదుట నిలిచెను.

నేను చేయదలచినది దీనికి విపరీతము. పరుల దోషమును దాటుట దయ. తన దోషమును చెరపుట అసత్యము. పైగా నా తప్పుతో పాటు ఆమె ముఖమును గూడ చెరపుట రెండవసారి ఆమెను లోపలికి నెట్టుటయే.

మరునాడు మేనల్లునితో ఇట్లు చెప్పితిని: మూలమును ముట్టవద్దు, రీళ్లను పారవేయవద్దు. బంధువులకు చూపుటకు వేరొక ప్రతి చేసి, అందు మసక ఫ్రేములను తీసివేయుము. ఆ 36 మాత్రము రెండింటను ఉండవలెను. పిదప చెల్లెలికి ఫోను చేసి ఆ చేయి నాదని చెప్పితిని. ఆమె కొంతసేపు పలుకలేదు. "నాకు తెలియును అన్నయ్యా! పీటల మీదనుండి చూచితిని" అనెను.

పాఠకులారా! మీ యిండ్లలోను ఇట్టి ఫిల్ములు ఉండవచ్చును. రాళ్లు ఏరుడు. కాని ఒక మనిషి కనబడిన చోట చేయి ఆపుడు. ఆ మనిషి ఎవరో పెద్దలుండగనే అడిగి తెలిసికొనుడు.