పక్షికి గూడు, మనుష్యునికి కూడు



ఆఫ్రికా ఖండములో జాంబెజీ నది మీద గొప్ప జలపాతమొకటి కలదు. మిషనెరీ డేవిడ్ లివింగ్‌స్టన్ దొరగారు 1855లో దానిని చూచి తమ రాణియైన విక్టోరియా పేరు పెట్టిరి. ఆ ఒడ్డున కాపురమున్నవారు అంతకు ముందే దానిని ఉరిమెడు పొగ అని తమ భాషలో పిలుచుచుండిరి. చూడవచ్చినవాడు తాను చూచిననాడే ఆ చోటు పుట్టినదనుకొనును. ఈ దోషము నాలోను కలదని మొన్నటి శీతకాలమున కొల్లేటిలో తెలిసికొంటిని.

పెదపాడు వారికి కొల్లేరు కొత్త కాదు. అయినను సండేస్కూలు పిల్లలతో కైకలూరు దగ్గరి ఆటపాకకు పోయి, పడవ మీద గూడబాతులను చూచుట నాకదే మొదలు. చెట్ల మీదను, ఇనుప మంచెల మీదను గూళ్లే. పిల్లపక్షి తన తల యంతయు తల్లి గొంతు సంచిలో దూర్చి చేపను తినుచుండెను. మా పిల్లలు గూళ్లు లెక్కింపబోయి, నూరు దాటగానే మానిరి.

1946లో నీలకంఠన్ అను మలయాళీ ఉపాధ్యాయుడు పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామమున ఇట్టి గూళ్లను కనుగొనెనని చెప్పుదురు. ఆ ఊరివారికి అవి ముందే తెలియును గదా! తరువాత అక్కడి గూళ్లు లేకుండ పోయినవి.

1999లో అయిదవ కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో దాని లోపలి చేపల చెరువుల గట్లను తెగగొట్టిరి. మా పడవవానికి అందులో వాటా యుండెనట.

ద్వితీయోపదేశకాండము 22:6, 7 వచనములు చదువుడి. త్రోవలో గూడు కనబడినవాడు పిల్లలను తీసికొనవచ్చును, తల్లిని మాత్రము విడువవలెను. ఆకలిగొన్నవానిని తినవద్దని ధర్మశాస్త్రము చెప్పలేదు. కొల్లేటిలో తల్లిని, పిల్లలను కూడ పట్టినదెవరు? చెరువులు పేదల సొసైటీల పేర నున్నను, లీజుకు పట్టి లాభము తినినవారు అనేక చోట్ల బయటి ధనవంతులే. గట్టు తెగినప్పుడు ఇద్దరి గట్టును తెగెను గాని, ఒకడు వేరొక వ్యాపారము చూచుకొనెను, మరియొకడు కూలికి పోయెను. కావున సరస్సును కాపాడుట న్యాయమే అని నేను నమ్ముదును, దాని ఖర్చును పంచిన తీరు న్యాయమని మాత్రము అనలేను. ఈ మాట వ్రాయుచు నాకు సిగ్గు కలుగుచున్నది. మా మందిరపు పైకప్పుకు వచ్చిన కానుకలలో చేపల చెరువుల సొమ్ము కూడ కలదు. అది ఎవరి గట్టు మీదిదో ఆనాడు నేనడుగలేదు.

పడవ మళ్లించునప్పుడు పిల్లలచేత కన్నులు మూయించి, ఆకాశపక్షులను పోషించు దేవునికి స్తోత్రము చెల్లించితిని. ఆమేన్ అనగానే పడవవాడు గెడ వేయుట ఆపి, "అయ్యగారూ, పిట్టల సంగతి బాగా చెప్పారండి. మా సంగతి కూడా ఓ ముక్క చెప్పాల్సిందండి" అనెను.

మరల కన్నులు మూయుమని పిల్లలతో చెప్పితిని.