సమిత్పాణియైన ఉపాధ్యాయుడు

ఛాందోగ్యోపనిషత్తు పంచమాధ్యాయమున ఒక వృత్తాంతము కలదు. ప్రాచీనశాలుడు మొదలగు ఐదుగురు గృహస్థులు, మహాశ్రోత్రియులని పేరుగాంచినవారు, ఒకచోట కూడి ఆత్మ యనగా నేమి, బ్రహ్మమనగా నేమి యని విచారింపసాగిరి. తమకు తెలిసినదానితో తృప్తి కలుగక వారు ఉద్దాలకుని కడకు పోయిరి. ఉద్దాలకుడు స్వయముగా గొప్ప ఆచార్యుడు. శ్వేతకేతువునకు తత్త్వము నుపదేశించినవాడు. అయినను, ఈ వచ్చినవారు అడుగు ప్రశ్నలన్నింటికి తాను సమాధానము చెప్పజాలనని గ్రహించి, వారిని కేకయరాజగు అశ్వపతి కడకు తోడ్కొని పోయెను. అచ్చట తానును వారిలో నొకడై శిష్యస్థానమున నిలిచెను.

రాజు వారికి ధనమీయబోయెను. వారు దానిని గ్రహింపక, ఏ ప్రయోజనము కోరి వచ్చిరో దానినే యడిగిరి. మరునాటి ఉదయమున సమిధలు చేతబూని వచ్చిరి. వారు అదివరకే అధ్యయనము ముగించినవారు గదా. రాజు ఉపనయనము చేయకయే బోధింప మొదలిడెను. మొదట ఆయన ఒక్కొక్కరిని, దేనిని ఆత్మగా ఉపాసించుచున్నావని ప్రశ్నించెను. ఒకడు ద్యులోకమనెను, ఒకడు ఆదిత్యుడనెను, వేరొకడు వాయువనెను. ఉద్దాలకుడు పృథివి యనెను. రాజు వీరిలో నెవ్వరి విద్యయు అసత్యమనలేదు. ప్రతివాడును సమగ్రమగు వైశ్వానరుని ఒక్క అవయవమును మాత్రమే పట్టుకొని, అదియే సర్వమని భ్రమించుచున్నాడని చూపెను.

బోధనార్హత పొంది, కొన్ని యేండ్లు తరగతి గదిలో పనిచేసి, మరల విద్యార్థి కాగోరు ఉపాధ్యాయుని విషయమున ఈ వృత్తాంతము గాఢముగా విచారింపదగినది. అర్హుడైనవాడు మరల ఏల చదువవలెను? చదివినచో ఆ చదువు ఎవరికొరకు? అతడు సమిధలు పట్టి వచ్చుచున్నాడా, లేక రాజు ఈయబోవు ధనముకొరకు వచ్చుచున్నాడా?

ఈ ప్రశ్న మహానగరములకు మాత్రమే సంబంధించినది కాదు. బిలాస్‌పూర్ నుండి కట్నీకి పోవు రైలు మార్గమున కర్గీ రోడ్ అను చిన్న స్టేషను కలదు. దానిని ఆనుకొనిన ఊరు కోటా. అచానక్‌మార్ అడవులకు చేరువనున్న ఈ ఛత్తీస్‌గఢ్ పట్టణమున 2006లో సర్ సి. వి. రామన్ పేర నొక విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. అచ్చట బోధింపబడు విషయములలో విద్యాశాస్త్రమును గలదు. బిలాస్‌పూర్ పెద్ద రైల్వే కేంద్రమగుటచే, ఉద్యోగరీత్యా వచ్చిన తెలుగు కుటుంబములు అనేకము ఆ ప్రాంతమున నివసించుచున్నవి. వారి బిడ్డలలో ఉపాధ్యాయ వృత్తి నవలంబించినవారును గలరు. అట్టి ఉపాధ్యాయు డొకడు పది సంవత్సరములు బోధించిన పిమ్మట ఎం.ఎడ్. చదువ నిశ్చయించుకొనెననుకొందము.

ఆ విశ్వవిద్యాలయము ఎవరి పేరు వహించినదో ఆ మహాశయుని జీవితమే అతనికి మొదటి పాఠము కాదగును. రామన్ బాల్యము విశాఖపట్నమున గడచినది. ఆయన తండ్రి అచ్చటి కళాశాలలో అధ్యాపకుడు. 1907లో ఎం.ఏ. పట్టము పొంది, ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉన్నతోద్యోగమున ప్రవేశించిన యువకునకు ఇక చదువవలసిన అవసరము లోకదృష్టిలో లేదు. అయినను కలకత్తాలో కచేరీకి పోవుటకు ముందును, కచేరీనుండి వచ్చిన తరువాతను ఆయన భారతీయ విజ్ఞాన పరిషత్తు ప్రయోగశాలలో పరిశ్రమించెను. ఇట్లు పది సంవత్సరములు గడచిన పిదప, 1917లో, అధికమగు జీతమును విడిచి ఆచార్యపదవిని స్వీకరించెను. ఆ ఉదయములకును, సాయంకాలములకును ఏ పట్టమును ఎదురుచూడలేదు.

ఉపాధ్యాయుని విషయమున ఇంతకంటె దగ్గరి నిదర్శనము తెలుగుదేశమందే కలదు. గిడుగు వేంకట రామమూర్తి పంతులు 1880లో, పదునేడవ యేట, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడయ్యెను. బోధించుచునే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ.యు, 1896లో బి.ఏ.యు పూర్తిచేసెను. కావున పట్టమును ఆయన తృణీకరింపలేదు. అయితే ఆయన జీవితమున మిక్కిలి లోతైన చదువు ఏ విశ్వవిద్యాలయపు పాఠ్యక్రమములోను లేనిది. సమీపారణ్యములందలి సవరలను ఆయన చూచెను. వారి పిల్లలకు చదువు చెప్పవలెననిన, ముందు వారి భాష తాను నేర్వవలెనని తెలిసికొనెను. సవరయు తెలుగును ఎరిగిన యొకనిని తన యింట నుంచుకొని, ఆతని యొద్ద శిష్యుడై ఆ భాష నభ్యసించెను. సవరభాషలో పుస్తకములు వ్రాసెను. సొంత ద్రవ్యముతో బడులు పెట్టెను. అడవులలో తిరుగుటచే మలేరియా సోకగా, క్వినైను వాడుటవలన వినికిడి చెడెను. పరుల పలుకు వినుటకై బయలుదేరిన మనుజుడు చెవులనే కోల్పోయెను. అయినను పని మానలేదు. ఆయన సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడినవి.

ఆయనకు గురువెవ్వరు? రెండు భాషలెరిగిన ఆ సామాన్యుడు. ఉద్దాలకుడు రాజునొద్ద శిష్యుడు కాగా, పంతులుగారు లోకము పామరుడనదగినవానియొద్ద శిష్యుడయ్యెను. ఇందు వినయము రెండవదియే దుష్కరము. తనకంటె పైనున్నవానికి తలవంచుట అందరును చేయగలరు. తన విద్యార్థి యింటి మాట తనకు రాదని ఒప్పుకొనుటకు ఉపాధ్యాయునకు మిక్కిలి ధైర్యము కావలెను.

మరల కర్గీ రోడ్ ఉపాధ్యాయుని తరగతికి పోదము. పాఠ్యపుస్తకము హిందీలో నున్నది. పిల్లలలో పెక్కుమంది యింట ఛత్తీస్‌గఢీ మాటలాడుదురు. అడవి పల్లెలనుండి వచ్చు బైగా బిడ్డలును ఉందురు. వెనుక వరుసలో కూర్చుండి ఏ ప్రశ్నకును బదులీయని బాలికయొకతె యున్నదనుకొందము. ఏబదిని ఏడుచే గుణింపుమనిన ఆమె పలుకదు. ఉపాధ్యాయుడు ఆమెను మందబుద్ధియని నిర్ణయించుకొనియున్నాడు. పది సంవత్సరముల అనుభవము ఆ నిర్ణయమునకు బలమిచ్చుచున్నది. వేసవిలో అదే బాలిక తల్లితో కూడ తునికాకు కోయును. కట్టకు ఏబది ఆకులు. సాయంకాలము ఎన్ని కట్టలైనవో, వానిలో నెన్ని ఆకులు కలవో ఆమె తడబడక చెప్పును. ఆమెకు గణితము రాకపోలేదు. ఆమె గణితము ఏ భాషలో నున్నదో, ఏ వస్తువుతో ముడిపడియున్నదో ఉపాధ్యాయునకు తెలియదు. అశ్వపతి చేసిన మొదటి ప్రశ్న, నీవు అదివరకే దేని నెరుగుదువను ప్రశ్న, అతడు ఆమె నెన్నడు నడుగలేదు.

ఉన్నత విద్య అతనిచే ఆ ప్రశ్న అడిగించినచో, అది చేయవలసిన పని చేసినట్లే. బాలమనస్తత్వము, భాషాధ్యయనము, మూల్యాంకన విధానము, విద్యాచరిత్ర, ఇవన్నియు తరగతిలో నిత్యము చూచు దృశ్యమును క్రొత్త కన్నులతో చూపగలవు. అనుభవము ఒక్కటియే చాలునని తలచు ఉపాధ్యాయుడు పృథివినే సర్వమని ఉపాసించినవాని వంటివాడు. గ్రంథమొక్కటియే చాలునని తలచువాడు ద్యులోకమునే సర్వమనుకొనినవాని వంటివాడు. ఇద్దరి యందును ఉన్నది అసత్యము కాదు, అసమగ్రత.

ఇచ్చట రెండు ఆక్షేపణలు పుట్టును. మొదటిది: ఉపాధ్యాయుడును సంసారియే, చదువుచే పదోన్నతి, జీతవృద్ధి కలుగునని ఆశించుట దోషమా? దోషము కాదు. కుటుంబమును పోషించుట ధర్మము. అశ్వపతి ఈయబోయిన ధనము పాపధనము కాదు. దానిని నిరాకరించిన వారు పేదరికమును పొగడనులేదు. తాము వచ్చిన పని వేరని మాత్రమే తెలిపిరి. ఉపాధ్యాయుడును తన ప్రయోజన మేదియో తనకు తాను దాచక చెప్పుకొనవలెను. జీతముకొరకు వచ్చి జ్ఞానముకొరకు వచ్చితినని నటించుటలోనే కీడున్నది. ఆ నటన క్రమముగా, పరులు వ్రాసిన పరిశోధన వ్యాసమును తన పేర సమర్పించువరకు పోవును. తరగతిలో పక్కవాని పలక చూచి వ్రాసిన బాలుని మందలించు చేయియే ఆ వ్యాసముపై సంతకము చేయును. అటుపిమ్మట ఆ బాలునకు అతడు సత్యమును గూర్చి ఏమి బోధింపగలడు?

రెండవ ఆక్షేపణ మరింత కఠినమైనది. ఉపాధ్యాయుడు తాను వృద్ధి పొందుటకై ఈనాటి పిల్లలను విడువవచ్చునా? జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నాటి నియమములచే, అంతకుముందు ఒక్క యేడాదిగా నుండిన ఎం.ఎడ్. చదువును రెండు సంవత్సరములకు పెంచెను. చదువు కాలము పెరిగినను తరిగినను, ఆ కాలమున తరగతిలోనున్న పిల్లలకు ఆ సంవత్సరములు మరల రావు. ఐదవ తరగతి బాలుడు ఉపాధ్యాయుడు తిరిగి వచ్చువరకు ఐదవ తరగతిలోనే వేచియుండడు. ఈ నష్టమును మాటలతో కప్పిపుచ్చరాదు. తన స్థానమున నిలుచువా డొకడు ఉన్నచో ఉపాధ్యాయుడు నిశ్చింతగా పోవచ్చును. లేనిచో, ఏకోపాధ్యాయ పాఠశాలలో తానొక్కడే యున్నచో, ఈ సంవత్సరము పోకుండుటయే ధర్మము కావచ్చును. అప్పుడు కోరిక వాయిదా పడునేగాని చదువు వాయిదా పడదు. రామమూర్తి పంతులుగారు సవర నేర్చుటకు బడి విడిచి యెచ్చటికిని పోలేదు.

సెలవు దొరకి పోయినవాడైనను తరగతిని మనస్సున మోసికొని పోవలెను. ఆ వెనుక వరుస బాలిక ముఖము ఎదుట నిలిచియుండగా చదివిన గ్రంథము వేరు, పరీక్షకొరకు చదివిన గ్రంథము వేరు. పరిశోధనకు విషయము వెదకుచు అతడు గ్రంథాలయమంతయు గాలింపనక్కరలేదు. ఆమె ఏల పలుకదను ప్రశ్నయే చాలును.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో మానవుని కర్తవ్యములు పరిగణింపబడినవి. ఋతము, సత్యము, తపస్సు, దమము, శమము మొదలగువానిలో ప్రతిదానితోడను స్వాధ్యాయ ప్రవచనములు మరల మరల చేర్చబడినవి. తుదకు ముగ్గురి మతములు చెప్పబడినవి: ఒకరికి సత్యమే ముఖ్యము, మరియొకరికి తపస్సే ముఖ్యము, ముద్గలపుత్రుడగు నాకునకు మాత్రము చదువుటయు చెప్పుటయు చాలును, అదియే తపస్సు. ఈ రెంటిని ఆ ఋషి విడదీయలేదు. చెప్పుట మాని చదువువాడు గాని, చదువుట మాని చెప్పువాడు గాని ఆయన దృష్టిలో లేడు.

కావున బోధించువాడు మరల చదువగోరుట మెచ్చదగిన కోరిక. ఆ కోరిక ఫలించెనో లేదో పట్టప్రదానోత్సవమున తెలియదు. చదువు ముగించి వచ్చిన ఉపాధ్యాయుడు బడి తెరచిననాడు తరగతిలో ప్రవేశించి, నల్లబల్ల కడకు పోవుటకు ముందు వెనుక వరుసకు నడచి, ఆ బాలిక ప్రక్కన కూర్చుండి, ఈ వేసవిలో ఎన్ని కట్టల ఆకు కోసితివని ఆమె భాషలో అడిగినచో, ఆమె నోరు తెరచి బదులు చెప్పినచో, అప్పుడు తెలియును.