స్కానింగులో ఏమీ లేదట!

ఇంట్లో ఒకరు తల తిరుగుతున్నదంటారు. అప్పో సప్పో చేసి స్కానింగు తీయిస్తాం. "ఏమీ లేదు" అని రిపోర్టు వస్తుంది. ఆ సాయంత్రం నుండి ఆ మనిషిని మనం చూచే చూపు మారిపోతుంది. ఆ మనిషి ఇంటి కోడలైతే ఇక చెప్పనక్కరలేదు. "పని తప్పించుకోవడానికి వేషాలు" అంటాం.

ప్రియ పాఠకులారా, లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలున్నాయి. తల ఎటు తిరిగినదీ మెదడుకు తెలిపేవి అవే. కొందరికి పైనాళాన్ని కప్పే ఎముకలో చిన్న రంధ్రం ఉంటుంది. అటువంటివారికి పెద్ద శబ్దం, దేవాలయపు గంటైనా సరే, వినబడితే లోకమంతా ఊగుతుంది. కొందరికి తమ కనుగుడ్ల కదలిక కూడా చెవిలో వినిపిస్తుంది! ఈ మాట పైకి చెబితే ఎవరు నమ్ముతారు? మానసిక రోగమన్న ముద్ర పడినవారున్నారు. 1998లో అమెరికాలోని బాల్టిమోరులో లాయిడ్ మైనర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఈ సంగతి బయటపెట్టారు. శబ్దానికి రోగుల కళ్లు ఏ దిశగా కదులుతున్నాయో చూచారు. ఆ దిశ పైనాళంతో సరిపోయింది. సన్నని పొరలుగా తీసిన సి.టి. స్కానులో రంధ్రం కనబడింది.

మరి 1997లో ఆ రోగులు చెప్పినది అబద్ధమా? రోగి మాటను త్రోసిపుచ్చలేదు గనుకనే ఎక్కడ వెదకాలో వైద్యునికి తెలిసింది.

స్కానును నేను తక్కువ చేయడం లేదు. వినికిడి నరం మీద గడ్డ ఉంటే ఎం.ఆర్.ఐ. పట్టి చూపుతుంది. కాని తల తిరుగుడుకు చాలా సాధారణమైన కారణం, లోపలి చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పి నాళంలోకి జారడం, మామూలు స్కానులలో కనబడదు. డాక్టరు రోగి తలను ఒక ప్రక్కకు త్రిప్పి, చప్పున వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు అదరడం చూచి కనిపెడతాడు. వైద్యం కూడా తలను ఒక వరుసలో త్రిప్పడమే. ఇక ఎముక పలుచబడినట్లు స్కానులో కనబడినా ఏ బాధా లేనివారూ ఉన్నారు. కనుక బొమ్మకు కూడా మనిషి సాక్ష్యం కావలసిందే.

అయితే ఎవరేమి చెప్పినా నమ్మాలా, నటించేవారు లేరా అని అడుగుతారు. ఉన్నారు. కాని ఈ రెండు పొరపాట్ల బరువు ఒకటి కాదు. అబద్ధాన్ని నమ్మితే ఒక పూట పని పోతుంది. నిజాన్ని నమ్మకపోతే ఆమె చెప్పడమే మానేస్తుంది, పొయ్యి ప్రక్కనో బావి గట్టు మీదో పడిపోయేవరకు.