ఖాళీ పేగు

పెద్దపేగు సుమారు ఒకటిన్నర మీటరు పొడవుంటుంది. కొలనోస్కోపీలో, చివర కెమెరా ఉన్న గొట్టాన్ని మలద్వారం గుండా పంపి, చిన్నపేగు వచ్చి కలిసే చోటు దాకా లోపలి గోడను చూస్తారు. 1969లో న్యూయార్క్‌లో వుల్ఫ్, షిన్యా అనే డాక్టర్లు ఆ గొట్టం లోంచే తీగ ఉచ్చు పంపి పాలిప్‌ను, అంటే పేగు గోడపై మొలిచే బుడిపెను, తీసేయడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి చూడటమూ వైద్యమూ ఒకే పని అయ్యాయి. అయితే ఆ పని సాగేదీ లేనిదీ ముందురోజు రాత్రి ఇంట్లోనే తేలిపోతుంది. మలం పొర కింద దాగిన నాలుగైదు మిల్లీమీటర్ల పాలిప్ ఎంత చేయితిరిగిన డాక్టరుకైనా కనబడదు. అలాంటివాటిలో కొన్ని ఏళ్ల తరబడి పెరిగి క్యాన్సర్ అవుతాయి.

పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆకుకూరలు, నువ్వులు, జామపండు మానేయాలి. జామగింజ అరగదు, గొట్టంలోని సన్నని దారికి అడ్డుపడుతుంది. తెల్లన్నం, ఇడ్లీ తినవచ్చు. ఐరన్ మాత్రలు ముందే ఆపమంటారు. షుగరు మందులు, రక్తం పలచబరిచే మందులు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపకూడదు.

ఆఖరి రోజు అన్నం ఉండదు. కొబ్బరినీళ్లు, వడగట్టిన తేట ద్రవాలే. ఏకాదశి ఉపవాసంలో పాలు, పళ్లు ఉంటాయి. ఇక్కడ అవీ పనికిరావు. ఉపవాసం ఆకలిని అదుపులో పెడుతుంది. ఈ తయారీ దానితో ఆగదు, ఎప్పుడో తిన్నదాన్ని కూడా బయటికి పంపాలి.

ఆ పని పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడిది. అది ఒంటికి పట్టదు, తాగిన నీటిని పేగులోనే నిలిపి ఉంచుతుంది. పొడి కలిపిన నీరు సాధారణంగా రెండు నుంచి నాలుగు లీటర్లు. సగం సాయంత్రం, సగం పరీక్షకు నాలుగు నుంచి ఆరు గంటల ముందు. రాత్రంతా చిన్నపేగు నుంచి దిగిన ద్రవం పెద్దపేగు మొదటి భాగాన్ని మళ్లీ పూసేస్తుంది, అందుకే రెండో సగం వదలకూడదు. పావుగంటకో గ్లాసు. మొదటిది నిమ్మ ఉప్పు నీళ్లలా దిగుతుంది. ఐదో గ్లాసుకు నోరు ఎదురు తిరుగుతుంది. ముక్కు మూసుకుని, చల్లబరిచి, గుక్కగుక్కగా పట్టించాల్సిందే. పెద్దవాళ్లకు రాత్రి బాత్రూం లైటు వెలుగుతూ ఉండాలి, నేల తడి లేకుండా ఉండాలి, మనిషి తోడుండాలి.

మనిషి ఎప్పుడూ మొహం తిప్పుకునేదాన్ని ఆ రాత్రి వంగి చూడాలి. ముదురు గోధుమ రంగు, బురద నీరు, పసుపు, చివరికి అడుగు కనిపించే లేత పసుపు నీరు. ఆసుపత్రిలో నర్సు అడిగే మొదటి మాటల్లో ఇదొకటి: ‘చివరిసారి ఎలా వెళ్లింది?’ సిగ్గుతో చాలామంది ‘బాగానే అయిందమ్మా’ అనేస్తారు. నీరు ఇంకా బురదగా ఉంటే ఆ మాటే చెప్పాలి. అప్పుడు మరికొంత మందు ఇస్తారు, లేదా పరీక్ష ఇంకో రోజుకు మారుస్తారు.