అలవాటైపోతుందిలే

మన ఇళ్ళల్లో చాలా ప్రశ్నల నోరు మూయించే మాట ఒకటుంది: "అలవాటైపోతుందిలే." హాస్టల్లో నలుగురుండే గదిలో ఆరుగుర్ని సర్దినప్పుడు, కొత్త కోడలికి అత్తారింటి పద్ధతులు మింగుడుపడనప్పుడు, కిటికీ తీస్తే పక్కబిల్డింగు గోడ చేతికి తగిలే ఫ్లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చేశాక. ఆ మాటలో అబద్ధమేం లేదు. నిజంగానే అలవాటవుతుంది. కానీ అలవాటైపోయినంత మాత్రాన బావున్నట్టేనా అన్నది నాకెప్పుడూ ఉన్న అనుమానం. ఈమధ్య ఒక హామ్‌స్టర్‌కి ఇల్లు వెతికే పని పడి, ఆ అనుమానం గురించి కాస్త కుదురుగా ఆలోచించాను.

మా అక్క కూతురికి పదేళ్ళు. కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్. కుక్కకి ఓనరు ఒప్పుకోడు, పిల్లికి అక్క ఒప్పుకోదు. చివరికి బేరం హామ్‌స్టర్ దగ్గర తెగింది. "పిన్నీ, నువ్వైతే అన్నీ చదివి చెప్తావు" అంటూ దానికి ఇల్లు చూసే బాధ్యత నా మీద పెట్టింది.

షాపులో మొదట చూపించింది గులాబీరంగు పంజరం. రెండంతస్తులు, ఒక జారుడుబల్ల, పైకెక్కే గొట్టం, లోపల బుల్లి చక్రం. పిల్లలకి చూడగానే నచ్చేస్తుంది. టేపు అడిగి కొలిస్తే అడుగుభాగం 45 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు. మరీ చిన్నది కదండీ అంటే షాపతను తేలిగ్గా నవ్వేశాడు. "పుట్టిందే డబ్బాలో కదా మేడమ్. అదే అలవాటైపోద్ది."

ఆయన మాటని కొట్టిపారేయడం అంత సులువు కాదు. అందులో ఒక వాదన ఉంది. తెలియనిదాన్ని కోల్పోవడం అంటూ ఉంటుందా? పొలమే చూడని ప్రాణికి పొలం లేని లోటు ఎలా తెలుస్తుంది? మనుషుల విషయంలో ఈ వాదనలో ఉన్న మెలికని అమర్త్య సేన్, మార్తా నుస్‌బామ్ లాంటివాళ్ళు ఎప్పుడో పట్టుకున్నారు. ఏళ్ళ తరబడి లేమిలో బతికినవాళ్ళు తమ కోరికల్నే కుదించుకుంటారు. అప్పుడు "నాకేం లోటు లేదు" అని వాళ్ళు నిజాయితీగానే చెప్పొచ్చు. ఆ జవాబుని బట్టి వాళ్ళ బతుకు బావుందని తేల్చేస్తే, లేమి చేసిన పనిని మనం సాక్ష్యంగా తీసుకున్నట్టే. ఇక హామ్‌స్టర్ దగ్గర ఆ మాట కూడా ఉండదు. ఉన్నది దాని ఒళ్ళు, అది చేసే పనులూ.

1930లో ఇస్రాయెల్ అహరోని అనే జంతుశాస్త్రవేత్త బృందం సిరియాలో అలెప్పో దగ్గర ఒక పొలం తవ్వి, లోతు కలుగులోంచి ఒక తల్లి హామ్‌స్టర్‌నీ దాని పిల్లల్నీ బయటికి తీసింది. ఇవాళ ఇళ్ళల్లో, లేబొరేటరీల్లో ఉన్న సిరియన్ హామ్‌స్టర్లలో చాలావరకు ఆ ఒక్క కుటుంబం సంతతే. అంటే తొంభై ఏళ్ళు దాటిన పంజరం వంశం. షాపతని మాట నిజమైతే ఈపాటికి అన్నీ అలవాటైపోయి ఉండాలి.

కొన్ని అయ్యాయి కూడా. పంజరంలో హామ్‌స్టర్ రాత్రి జీవి. పగలంతా పడుకుని, మనం పడుకున్నాక లేస్తుంది. కానీ సిరియా సరిహద్దుకి దగ్గర్లో, టర్కీ పొలాల్లో గమనించిన ఆడ హామ్‌స్టర్లు పగటిపూటే బయట తిరిగాయని 2008లో అచ్చయిన ఒక పరిశోధన చెప్పింది. చోటు మారితే పగలూ రాత్రీ అంతటివే తారుమారయ్యాయి.

తవ్వడం మాత్రం మారలేదు. అలెప్పో చుట్టుపక్కల కొలిచిన బొరియల సగటు లోతు 65 సెంటీమీటర్లు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ పరిశోధకులు 2006లో ఒక చిన్న పని చేశారు. కొన్ని హామ్‌స్టర్లకి 10 సెంటీమీటర్ల మందాన చెక్కపొట్టు పరిచారు, కొన్నిటికి 40, కొన్నిటికి 80. తక్కువ పొట్టున్నవి ఊచల్ని ఎక్కువగా కొరికాయి, చక్రంలో ఎక్కువగా పరిగెత్తాయి. లోతు దొరికినవి బొరియలు తవ్వుకుని వాటిలో ఉన్నాయి. వాటికి ఎవరూ నేర్పలేదు. వాటి అమ్మమ్మల అమ్మమ్మలు కూడా నేల చూసినవి కావు.

మరుసటి ఏడు అదే ఊళ్ళో పంజరం సైజులు పోల్చారు. అడుగుభాగం 1,800 చదరపు సెంటీమీటర్ల నుంచి 10,000 దాకా నాలుగు రకాలు. ఊచలు కొరకడం అన్నిటిలోనూ కనిపించింది, చిన్నవాటిలో మరీ ఎక్కువగా. నేను కొలిచిన గులాబీరంగు మేడ 1,350. ఆ పరిశోధనలో అన్నిటికన్నా ఇరుకైనదానికంటే ఇంకా ఇరుకు. జారుడుబల్ల, రెండో అంతస్తు, రంగు ఇవన్నీ కొనేవాళ్ళ కళ్ళకోసం. వాడుకునేదానికి కావల్సింది అడుగున నేల, ఆ నేలకి లోతు.

అలాగని ప్రతి కదలికనీ బాధకిందే చదవడమూ పొరపాటే. చక్రాన్నే తీసుకోండి. మూసిన డబ్బాలో గుండ్రంగా పరిగెత్తే ప్రాణిని చూస్తే మనకి జైలు గుర్తొస్తుంది. ఆఫీసు కూడా గుర్తొస్తుంది. నెదర్లాండ్స్‌లో పరిశోధకులు ఇలాంటి చక్రాల్ని ఆరుబయట పెట్టి చూస్తే, ఏ బంధనమూ లేని అడవి ఎలుకలు వాటంతటవి వచ్చి ఎక్కి పరిగెత్తాయి. 2014లో వచ్చిన ఆ వ్యాసం చదివాక చక్రం మీద నా జాలి కాస్త తగ్గింది. దాని వెడల్పు మీద శ్రద్ధ పెరిగింది. వీపు విల్లులా వంగకుండా పరిగెత్తగలిగేంత పెద్దదుంటే చాలు.

ఒంటరితనం ఇంకో ఉచ్చు. "పాపం ఒక్కటే ఎలా ఉంటుంది, జోడీ తెద్దాం" అంది పాప. ఎంత మంచి మనసో! కానీ ఎదిగిన సిరియన్ హామ్‌స్టర్లు ఒంటరి జీవులు. రెంటినీ ఒకే పంజరంలో పెడితే ఒకదాన్నొకటి గాయపరుచుకుంటాయి, చంపుకుంటాయి కూడా. నీకేది కావాలో ఎదుటివాళ్ళకీ అదే ఇవ్వు అనే నీతి చిన్నప్పట్నుంచీ విన్నదే. ఇక్కడ అదే నీతి నెత్తురు పారిస్తుంది. జాలి మంచిదే, ముందు ఎదుటిదాన్ని అడిగి చూస్తే. అడగడమంటే బెర్న్‌లో చేసిన పనే: రెండు మూడు రకాల చోటు ఇచ్చి, అది ఏం చేస్తుందో ఓపిగ్గా చూడడం.

ఇదంతా చెప్తుంటే బావగారు అడ్డుపడ్డారు. "మనుషులకే దిక్కులేని ఊళ్ళో ఎలకకి డబుల్ బెడ్రూమా?" ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో లిఫ్టు పక్కనుండే గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. కిటికీ లేదు. ఒకసారి మీటింగులో ఎవరో ఆ గది సంగతి ఎత్తితే, ఇంకెవరో "వాళ్ళకి అలవాటేలెండి" అన్నారట. అంతే, తర్వాతి విషయానికి వెళ్ళిపోయారు.

మనిషినీ హామ్‌స్టర్‌నీ ఒక తూకంలో వెయ్యను. వాచ్‌మన్‌కి నోరుంది, ఊరుంది, ఓటుంది. అక్కడ తప్పు ఇంకా పెద్దది: అడిగితే చెప్పగలిగిన మనిషిని ఎవరూ అడగలేదు. కానీ బావగారి వాదనలో మనుషులూ జంతువులూ మన దయకోసం పోటీపడుతున్నట్టుంది. నాకలా కనపడదు. రెండు చోట్లా తలుపు మూసింది ఒకే మాట. ఒక చోట దాన్ని ఒప్పుకునే నాలుక రెండో చోటా తడబడకుండా పలుకుతుంది. పదేళ్ళ పిల్లకి ఆ మాట మీద అనుమానం పుట్టించగలిగితే, రేపు సెల్లార్ గది దగ్గర కూడా అది పనికొస్తుందేమో.

జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించడానికి మనకి 1960లోనే చట్టం వచ్చింది. ప్రాణి తగినంతగా కదలడానికి వీల్లేని పంజరంలో దాన్ని బంధించడం ఆ చట్టం ప్రకారం నేరం. ఎంతైతే "తగినంత" అన్నది తేల్చాల్సింది మాత్రం పంజరం బయటున్నవాళ్ళే. లోపలున్నది తలుపు తీసుకుని వెళ్ళిపోగలిగితే దాని ఉండిపోవడానికి ఒక అర్థముంటుంది. వెళ్ళలేనిదాని నిశ్శబ్దాన్ని ఒప్పుకోలుగా లెక్కేసుకోకూడదు. తాళంచెవి ఎవరి దగ్గరుంటే అడగాల్సిన బాధ్యతా వాళ్ళదే.

చివరికి నేను చెప్పింది ఇది: కొత్త పంజరం వద్దు, నాలుగడుగుల పాత చేపల తొట్టి ఒకటి కొనండి. పైన గాలాడే జాలీ మూత. అడుగున కనీసం ఒక మూల మోచెయ్యంత లోతుగా పొట్టు, ఒక చెక్క గూడు, పెద్ద చక్రం. ఏప్రిల్, మే ఎండలకి చల్లగా ఉండే గదిలో, ఎండ నేరుగా పడని గోడవార. అడుగుభాగం లెక్కేస్తే 5,500 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. జర్మనీ పశువైద్యుల సంఘం కనీసమన్న 100 x 50కి సరిపోతుంది. బెర్న్ వాళ్ళు మేలన్నదానిలో సగమే. ఆ మిగతా సగాన్ని మన అద్దె మింగేసింది. అక్కడ రాజీ పడింది మేం, ఖర్చు భరించేది అది. ఆ సంగతి మర్చిపోకూడదని పాపకి చెప్పాను. అంత చోటు కూడా ఇవ్వలేమనుకుంటే అసలు తేవద్దని కూడా చెప్పాను.

పాప అన్నీ విని, తొట్టి బొమ్మ గీసుకుని, పొట్టు ఎంత మందమో గీత పెట్టుకుంది. ఆ గీత వంక చూస్తూ అడిగింది: "ఇంత లోతుంటే అది లోపలే ఉంటుందిగా పిన్నీ. మరి నాకెప్పుడు కనపడుతుంది?"

షాపులో ఏ పంజరమూ అడగనివ్వని ప్రశ్న అది. కనపడ్డానికే వాటిని అలా చేస్తారు. దానికి సరిపోయే ఇంట్లో మనకి అది ఎక్కువగా కనపడదు. పొట్టు కాస్త కదులుతుంది, రాత్రి చక్రం చప్పుడవుతుంది, పొద్దున్నే గింజలు మాయమై ఉంటాయి. మనం కొన్నది చూడ్డానికి, అది బతికేది దాక్కోవడానికి. ఆ రెంటిలో ఏది గెలవాలో ఇల్లు కొనేటప్పుడే తేలిపోతుంది.

"చాలా రోజులు కనపడకపోవచ్చు. అయినా కావాలా?" అన్నాను.

వారంలో చెప్తానంది. ఆ వారం ఇంకా అవలేదు.